పీకే పన్ను, పెట్టే పన్ను – మరి నిలిపే పన్ను?

కాలు నొప్పి పెడితే కాలు తీసెయ్యమని ఎవరూ అనరు. కన్ను ఎర్రబడితే కన్ను పీకెయ్యమనీ అనరు. పన్ను నొప్పి పెడితే మాత్రం "పీకించెయ్, పీడా పోతుంది" అని ఇంట్లోవాళ్ళు, పొలం గట్టు మీదివాళ్ళు, ఊళ్ళో ఆర్.ఎం.పి. డాక్టరు గారు, అంతా కలిసి ఏకగ్రీవంగా తీర్మానం చేస్తారు. మన దేశంలో ఇంత ఏకాభిప్రాయం మరే విషయంలోనూ కనపడదు!

ఇది ఒక చివర. రెండో చివర పట్నంలో ఉంది. బస్టాండు దాటి రోడ్డెక్కగానే పెద్ద పెద్ద బోర్డులు: కొత్త పళ్ళు, శాశ్వతమైన పళ్ళు, ఇంప్లాంట్లు, వాయిదాల పద్ధతి. పల్లెలో పీకుడు, పట్నంలో పెట్టుడు. పీకడానికి వందలు, పెట్టడానికి వేలు. ఈ రెంటికీ మధ్య పన్నును నిలిపే పని ఒకటుంది. సామాన్యుడికి అందనిది సరిగ్గా ఆ పనే. దంతవైద్యాన్ని ఎన్ని పళ్ళు పీకారు, ఎన్ని పెట్టారు అనే లెక్కతో కాక, ఎన్ని పళ్ళు నిలిపారు అనే లెక్కతో కొలవాలి. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇంతే.

నేను వైద్య విద్యార్థిని కాను. బి.ఎస్సీ. చదువుకుంటున్నవాణ్ణి. అయినా పళ్ళు అందరికీ ఉన్నాయి గనుక వాటి గురించి మాట్లాడే హక్కు కూడా అందరికీ ఉందనుకుంటాను.

జ్ఞానదంతం – మన అజ్ఞానం

ముందుగా మన వయసువాళ్ళ సంగతి చూద్దాం. మనిషికి మొత్తం 32 పళ్ళు. అందులో దవడల చిట్టచివర, నాలుగు మూలలా వచ్చేవి నాలుగు. సాధారణంగా 17 నుంచి 25 ఏళ్ళ మధ్య, అంటే సరిగ్గా మనం డిగ్రీ చదివే రోజుల్లో ఇవి తల ఎత్తుతాయి. పరీక్షల ముందే వస్తాయని మా హాస్టల్లో నమ్మకం! బుద్ధి వచ్చే వయసులో వస్తాయి కాబట్టి జ్ఞానదంతాలన్నారు. కొందరికి అవి అసలే రావు. అంతమాత్రాన వాళ్ళ జ్ఞానానికి లోటేమీ లేదు.

చిక్కంతా చోటు దగ్గర వస్తుంది. కిక్కిరిసిన పల్లెవెలుగు బస్సులో ఆఖరున ఎక్కినవాడికి నిలబడే చోటు దొరకనట్లే, దవడలో చోటు చాలకపోతే ఈ పన్ను నిటారుగా రాలేదు. పక్కకు వాలి, ముందున్న పన్నును ఢీకొని ఆగిపోతుంది. సగం బయట, సగం చిగుళ్ళ లోపల. ఆ చిగురు మడతలో తిన్న తిండి ఇరుక్కుంటుంది, క్రిములు చేరతాయి, వాపు వస్తుంది. నోరు తెరవలేం, మింగలేం. మందుల షాపులో రెండు బిళ్ళలు కొని వేసుకుంటే నాలుగు రోజులకు తగ్గుతుంది. మళ్ళీ రెండు నెలలకు వస్తుంది.

దీన్ని అలా బిళ్ళలతో సాగదీయడం మంచిది కాదు. కింది దవడ పన్ను దగ్గర పుట్టిన చీము అరుదుగానైనా నాలుక కిందికీ, గొంతులోకీ దిగితే ఊపిరాడని పరిస్థితి వస్తుంది. 1836లో జర్మన్ వైద్యుడు లుడ్విగ్ ఈ జబ్బును వర్ణించాడు. నేటికీ దానికి ఆయన పేరే ఉంది. "పంటినొప్పే కదా" అనుకునేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

అలాంటి పన్నును తీసెయ్యాల్సిందే. అందులో రెండో మాట లేదు. పూర్వంలా భయపడాల్సిన పనీ లేదు. 1844 డిసెంబరు 11న అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ పట్టణంలో హోరేస్ వెల్స్ అనే దంతవైద్యుడు నవ్వించే వాయువు పీల్చి, తన దవడ పన్నునే తోటి వైద్యుడి చేత పీకించుకున్నాడు. మత్తు ఇచ్చి శస్త్రచికిత్స చేసే యుగానికి తొలి మెట్లలో అదొకటి. అంటే ఆ యుగానికి తలుపు తీసినవాళ్ళలో పళ్ళ డాక్టర్లు ఉన్నారన్నమాట! తర్వాత 1943లో స్వీడన్‌లో నీల్స్ లోఫ్‌గ్రెన్ తయారుచేసిన లిగ్నోకైన్ సూదిమందుతో దవడలో ఆ భాగం మాత్రమే మొద్దుబారుతుంది. అడ్డంగా పడుకున్న పన్నయితే చిగురు కోసి, కొంచెం ఎముక తొలిచి, పన్నును ముక్కలు చేసి తీసి, కుట్లు వేస్తారు. ఆ గుంటలో గడ్డకట్టిన రక్తమే గాయానికి కట్టు. మొదటి రోజుల్లో గట్టిగా పుక్కిలించి ఉమ్మినా, సిగరెట్టు కాల్చినా ఆ గడ్డ ఊడిపోయి, ఎముక బయటపడి, అసలు నొప్పిని మించిన నొప్పి వస్తుంది.

అసలు ప్రశ్న నొప్పి లేని జ్ఞానదంతం గురించి. ఏ బాధా పెట్టకుండా తన మానాన తాను ఉన్న పన్నును ముందుజాగ్రత్త పేరుతో పీకవచ్చా? అమెరికాలో కుర్రవయసులోనే నాలుగూ తీయించుకునే ఆచారం చాలాకాలంగా ఉంది. ఇంగ్లండులో మాత్రం 2000 సంవత్సరంలో నైస్ అనే ప్రభుత్వ సంస్థ, జబ్బు లేని జ్ఞానదంతాలను ముందుజాగ్రత్తగా తీయడం మానుకోవాలని సిఫార్సు చేసింది. అలా తీయడం వల్ల రోగికి మేలని చెప్పే గట్టి ఆధారం లేదు, శస్త్రచికిత్సలో ఉండే ముప్పు మాత్రం ఉంది అన్నది వాళ్ళ తర్కం. ఆ ముప్పు ఉత్తమాట కాదు. కింది జ్ఞానదంతం వేళ్ళకు దగ్గరగానే పెదవికీ, గడ్డానికీ స్పర్శనిచ్చే నరం పోతుంది. దానికి దెబ్బ తగిలితే పెదవి వారాల తరబడి, అరుదుగా ఎల్లకాలం మొద్దుబారి ఉండవచ్చు.

మా హాస్టల్ మిత్రుడికి ఒక పన్ను నొప్పి చేసింది. అతను వెళ్ళిన చోట నాలుగూ తీయించుకోమన్నారు. నాలుగూ కలిపితే ధర తగ్గుతుందని కూడా చెప్పారు. సంతలో వంకాయలు బేరం చేసినట్టుంది వ్యవహారం! తర్వాత ప్రభుత్వ దంత వైద్యశాలలో దవడ మొత్తం కనిపించే ఎక్స్‌రే తీశారు. ఒక్కటే అడ్డంగా ఉందని, మిగతా మూడూ నిటారుగా వచ్చాయని, వాటి జోలికి పోనక్కర్లేదని చెప్పారు. ఒక్కటే తీశారు. అతను హాయిగా ఉన్నాడు.

ఇక్కడ ఎదుటి వాదన కూడా చెప్పడం న్యాయం. వయసు పెరిగేకొద్దీ ఎముక గట్టిపడుతుంది, తీయడం కష్టమవుతుంది, గాయం మానడం ఆలస్యమవుతుంది. అడ్డంగా ఉన్న పన్ను తన ముందున్న మంచి పన్నును కూడా పుచ్చబెట్టవచ్చు. ఇది నిజమే. ఇంగ్లండు వాళ్ళ "పీకకండి" అనే మాటలో "కనిపెట్టి చూస్తూ ఉండండి" అనే మాట కూడా కలిసి ఉంది. అప్పుడప్పుడూ నోరు తెరిపించి చూసే డాక్టరు ఉన్నచోట అది సరిపోతుంది. మన పల్లెల్లో కనిపెట్టి చూడడమంటే మరిచిపోవడమే. కాబట్టి ఆ సిఫార్సును మక్కీకి మక్కీ దించుకుంటే చాలదు. చూసే ఏర్పాటు ముందు కావాలి. అది లేనప్పుడు పీకడమూ గుడ్డి పనే, పీకకపోవడమూ గుడ్డి పనే.

ఎముకకూ లోహానికీ వియ్యం

ఇక రెండో చివరకు వద్దాం. జ్ఞానదంతం తీస్తే దాని స్థానంలో మళ్ళీ పన్ను పెట్టించుకోనక్కర్లేదు. నమిలే దవడ పళ్ళు పోయినప్పుడే ఇబ్బంది. పన్ను పోయిన చోట ఎముకకు పని ఉండదు. చెట్టు కొట్టేసిన గట్టు వానలకు కరిగిపోయినట్లు, ఆ ఎముక క్రమంగా అరిగి కుంచించుకుపోతుంది. మొదటి ఏడాదిలోనే ఎక్కువ తరుగు. పక్క పళ్ళు ఆ ఖాళీలోకి వాలతాయి. ఎదురు పన్ను ఆనుకునేది లేక కిందికో పైకో జారుతుంది.

దీనికి సైన్సు కనిపెట్టిన జవాబు ఇంప్లాంటు. దాని కథ సైన్సు విద్యార్థులంతా తెలుసుకోదగ్గది. 1952లో స్వీడన్‌కు చెందిన పెర్-ఇంగ్వార్ బ్రానెమార్క్ ఎముకలో రక్తప్రసరణను పరిశీలించడానికి కుందేలు కాలి ఎముకలో టైటానియంతో చేసిన చిన్న పరికరం అమర్చాడు. ప్రయోగం అయ్యాక దాన్ని ఊడదీయబోతే రాలేదు. ఎముక ఆ లోహాన్ని తనలో కలుపుకుంది! మరొకరైతే పరికరం పాడైందని విసుక్కునేవాడేమో. ఆయన మాత్రం ఎందుకు రాలేదు అని అడిగాడు. టైటానియం మీద గాలి తగలగానే అతి పల్చని ఆక్సైడు పొర ఏర్పడుతుంది. ఆ పొర వల్ల శరీరం దాన్ని శత్రువుగా చూడదు, ఎముక కణాలు దాని మీదే పెరుగుతాయి. మనం గుంజ పాతి మట్టి వేసి కూరతాం, అది గుంజను పట్టుకుని ఉంటుందంతే. ఇక్కడ మట్టే గుంజను కావలించుకుని పెరిగినట్లు.

1965లో గోథెన్‌బర్గ్‌లో యోస్తా లార్సన్ అనే ఆయనకు బ్రానెమార్క్ తొలిసారిగా ఇలాంటి ఇంప్లాంట్లు అమర్చాడు. లార్సన్ పుట్టుకతోనే అంగుడి చీలికతో, వంకర దవడతో ఉన్న మనిషి. కింది దవడలో పళ్ళు లేవు. సరిగా నమలలేడు, సరిగా మాట్లాడలేడు. 2006లో ఆయన చనిపోయేదాకా, అంటే నలభై ఏళ్ళు పైగా, ఆ ఇంప్లాంట్లు పనిచేశాయి. తోటి వైద్యులు మాత్రం చాలా ఏళ్ళు బ్రానెమార్క్‌ను నమ్మలేదు. 1982లో టొరంటోలో జరిగిన సమావేశం తర్వాతే ప్రపంచం ఒప్పుకుంది.

ఇందులో మనం గమనించాల్సిందేమిటి? ఇంప్లాంటు మొదట పుట్టింది బోర్డు మీద నవ్వే ముఖం కోసం కాదు. అన్నం నమలలేని మనిషి కోసం. మరి నేడు అన్నం నమలలేని మనిషికి అది అందుతోందా?

మా నాయన మిరప రైతు. పంటినొప్పి వచ్చినప్పుడల్లా లవంగం పెట్టేవాడు, పొగాకు కాడ అదిమేవాడు. లవంగంలో యూజినాల్ ఉంది, దాన్ని దంతవైద్యులూ వాడతారు. పొగాకు మాత్రం నొప్పిని కప్పి నోటిని పాడు చేస్తుంది. ఏదీ పని చెయ్యనప్పుడు, కోతల మధ్యలో ఒక పూట చూసుకుని మండలానికి పోయి పీకించుకుని వచ్చేవాడు. నిలబెట్టే వైద్యానికి నాలుగైదుసార్లు తిరగాలి. పీకడానికి ఒక్క పూట చాలు. కూలీలు చేలో ఉన్నప్పుడు ఏ రైతైనా దేన్ని ఎంచుకుంటాడు? ఇలా ఎడమవైపు మూడు దవడ పళ్ళు పోయాయి. జొన్నరొట్టె మానేశాడు. వేరుశనగలు మానేశాడు. పట్నంలో అడిగితే మూడు ఇంప్లాంట్లకు చెప్పిన ధర ఎకరా మిరప పెట్టుబడిలో సగం దాకా వచ్చింది. "పళ్ళు మొలిపించుకుంటే పంట మొలవదురా" అని లేచి వచ్చేశాడు. కట్టుడు పళ్ళతో సరిపెట్టుకున్నాడు.

ఆ డాక్టరు గారు అన్యాయమేమీ చేయలేదు. ఆ వస్తువుకు, ఆ పనికి, ఆ చదువుకు ఖర్చుంది. ఆ ప్రశ్న ఆయనకు వెయ్యాల్సింది కాదు, మనందరికీ వెయ్యాల్సింది. మొదటి పన్ను ఆవగింజంత పుచ్చినప్పుడు సిమెంటు పెట్టే చోటు మా మండలంలో ఉంటే, మూడు పళ్ళ ధర చెప్పించుకునే అవసరమే వచ్చేది కాదు కదా?

తప్పిపోయిన మధ్య మెట్టు

పన్ను పుచ్చడం అంటే ఏమిటో మన కెమిస్ట్రీ చెబుతుంది. పంటి పైపొర కాల్షియం, ఫాస్ఫేటులతో కూడిన గట్టి ఖనిజం. తీపి తిన్నప్పుడు నోటిలోని బాక్టీరియా దాన్ని ఆమ్లంగా మారుస్తాయి. పి.హెచ్. సుమారు 5.5 కంటే తగ్గితే ఆ ఖనిజం కరగడం మొదలవుతుంది. లాలాజలం మళ్ళీ కొంత పూడుస్తుంది. కరుగుడు పూడికను మించితే గుంట పడుతుంది. పైపొరలో బతికున్న కణాలు లేవు గనుక ఒకసారి పడిన గుంట దానంతటది పూడదు. ఆ దశలో సిమెంటు పెడితే అక్కడితో ఆగుతుంది. లోపలి నరం దాకా పోతే రూట్ కెనాల్ చేసి, క్యాపు వేసి నిలపవచ్చు. అదీ దాటితేనే పీకుడు. ఇన్ని మెట్లున్నాయి. మన ప్రజలకు అందుతున్నది మాత్రం ఆఖరి మెట్టు.

మరో సంగతి. ఆరో ఏట, పాలపళ్ళ వెనకాల, ఏ పన్నూ ఊడకుండానే నాలుగు దవడ పళ్ళు వస్తాయి. అవి పాలపళ్ళు కావు, జీవితాంతం నమలాల్సిన పళ్ళు. పల్లెలో చాలామంది తల్లిదండ్రులకు ఇది తెలియదు. పుచ్చినా "పాలపన్నే, ఊడిపోతుందిలే" అంటారు. ఎక్కువ పని చేసే పన్నే అందరికంటే ముందు పోయేది ఇందుకే. ఈ ఒక్క మాట ప్రతి తల్లికీ చెప్పగలిగితే, ముప్పై ఏళ్ళ తర్వాత ఎన్నో ఇంప్లాంట్లు మిగులుతాయి.

"గుండెకు, క్యాన్సరుకు చాలని డబ్బు పళ్ళకెక్కడ తెస్తాం?" అని కొందరు పెద్దలు అంటారు. పళ్ళు శరీరంలో భాగం కాదా అని నేను అడుగుతాను. చిగుళ్ళ జబ్బుకూ షుగరు జబ్బుకూ లంకె ఉంది, ఒకటి ముదిరితే రెండోది ముదురుతుంది. 2021లో ప్రపంచ ఆరోగ్య సభ నోటి ఆరోగ్యం మీద ప్రత్యేకంగా తీర్మానం చేసింది. ప్రపంచంలో సుమారు 350 కోట్లమందికి నోటి జబ్బులున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక చెప్పింది. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2014–15లో జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమం మొదలుపెట్టింది. ప్రభుత్వ ఆస్పత్రుల్లో దంత విభాగాలను బలపరచడం దాని ఆశయాల్లో ఒకటి. ఆశయం బాగుంది. మా మండలంలోని ఆరోగ్య కేంద్రంలో మాత్రం ఇంకా పళ్ళ కుర్చీ లేదు. మన భాషలో పన్ను అంటే రెండర్థాలు. ఒక పన్నును వసూలు చేయడంలో చూపే శ్రద్ధలో పదో వంతు రెండో పన్ను మీద చూపమని ప్రభుత్వాన్ని కోరడం అత్యాశ కాదనుకుంటాను.

ఏం చేయాలి?

ఒకటి. మండల స్థాయిలో పన్ను నిలిపే వైద్యం రావాలి. పీకే పట్టకారు ఉన్న ప్రతి చోటా సిమెంటు పెట్టే సామాను కూడా ఉండాలి. వ్యవసాయ పనుల రోజుల్లో సాయంత్రం పూట కూడా తెరిచి ఉంటే రైతు, కూలీ కూడా వస్తారు.

రెండు. ఏ పన్ను పీకేముందైనా, ఏ ఇంప్లాంటు పెట్టేముందైనా ఎక్స్‌రే చూపించి, తెలుగులో, రోగికి అర్థమయ్యేట్టు మూడు మాటలు చెప్పాలి: నిలపడానికి వీలుందా, తీస్తే ఏమవుతుంది, తీయకపోతే ఏమవుతుంది. చెప్పకపోతే మనమే అడగాలి. పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అని ఊరుకోకూడదు.

మూడు. ఇంప్లాంటు ధనవంతుల నగగా మిగలకూడదు. కింది దవడలో ఒక్క పన్నూ లేని వృద్ధులకు కట్టుడు పళ్ళు నిలవవు, నాలుక కదిలితే లేచిపోతాయి. రెండే రెండు ఇంప్లాంట్లు వేసి వాటికి కింది సెట్టును తగిలిస్తే స్థిరంగా ఉంటుంది. ఇలాంటివారికి ఇదే మొదటి ఎంపికగా ఉండాలని 2002లో కెనడాలోని మెగిల్ విశ్వవిద్యాలయంలో నిపుణులు ప్రకటించారు. నోరంతా పళ్ళు పెట్టనక్కర్లేదు, రెండు చాలు. టైటానియం మనకు పరాయిది కాదు. ఉత్తరాంధ్ర తీరపు ఇసుకలో ఇల్మనైట్ రూపంలో ఉంది. 1973లో స్థాపించిన మిధాని సంస్థ హైదరాబాదులో టైటానియం మిశ్రమ లోహాలు తయారుచేస్తోంది. క్షిపణికీ విమానానికీ పనికొచ్చే లోహాన్ని మన అవ్వ నమలడానికి కూడా పనికొచ్చేట్టు చెయ్యలేమా? ప్రభుత్వ దంత కళాశాలల్లో ఈ రెండు ఇంప్లాంట్ల పథకం మొదలుపెడితే, విద్యార్థులకు చదువూ, వృద్ధులకు తిండీ రెండూ దక్కుతాయి.

నాలుగు. ఇది మన యూనియన్‌కు. దంత శిబిరం అంటే తలా ఒక పేస్టు ట్యూబు పంచి, ఫోటో దిగడం కాదు. మొదటి సంవత్సరం విద్యార్థులందరికీ ఏటా ఒకసారి నోటి పరీక్ష చేయించి, ఎవరికి ఏ పన్ను పుచ్చిందో, ఎవరి జ్ఞానదంతం అడ్డం తిరిగిందో రాసి, వాళ్ళకు వైద్యం అయిందా లేదా అని మరుసటి ఏడాది మళ్ళీ చూడాలి. ఎన్.ఎస్.ఎస్. శిబిరం పెట్టే ఊళ్ళో బడిపిల్లల ఆరో ఏటి దవడ పళ్ళు చూపించి, తల్లులకు వాటి విలువ చెప్పాలి. వార్షికోత్సవంలో లైట్లకూ మైకులకూ అయ్యే ఖర్చులో కొంత భాగం దీనికి సరిపోతుంది.

లెక్చరర్లనూ పూర్వ విద్యార్థులనూ కూడా కోరేది ఒకటుంది. మీలో దంతవైద్యులున్నారు, అధికారులున్నారు, పత్రికల్లో రాసేవాళ్ళున్నారు. ఏడాదికి ఒక్క రోజు మా కాలేజీకి రండి, ఒక్క రోజు మా ఊళ్ళకు రండి. పట్టకారు ఇంటి దగ్గరే ఉంచి, అద్దం, సిమెంటు తీసుకురండి. మా తరంవాళ్ళ నోట్లో జ్ఞానదంతాలు ఎటూ వస్తున్నాయి. వాటితోపాటు కొంత జ్ఞానం కూడా వచ్చి, మా పిల్లల తరానికైనా పన్ను నొప్పి అంటే పీకుడు అన్న మాట మారితే చాలు.